మండలాఫీసు వరండాలో కూడా డాక్టరేటు ఉంది

జూపాడు బంగ్లా మండలాఫీసు వరండాలో ఒక పూట ఊరికే నిలబడి చూడండి. పాస్‌బుక్కులో పేరు తప్పు పడిందని ఒకాయన వచ్చింటాడు. పింఛన్ ఆగిపోయిందని ఒక అవ్వ వచ్చింటది. వాళ్ల పక్కనే కాగితాలు చంకలో పెట్టుకోని, "నువ్వు గమ్మునుండు పెద్దాయనా, లోపల నేను మాట్లాడతా" అనే మనిషి ఒకడుంటాడు. పైరవీలు చేసేటోడు అంటాం మనం.

ఆ మనిషి మీద కూడా పెద్ద సదువు సదవొచ్చని మనలో చానామందికి తెలీదు. 1985లో జి. రాంరెడ్డి, జి. హరగోపాల్ అనే ఇద్దరు తెలుగు ప్రొఫెసర్లు 'పైరవీకారు' అనే మన మాటనే తలకట్టుగా పెట్టి, 'ఏషియన్ సర్వే' అనే అమెరికా పత్రికలో పరిశోధన వ్యాసం రాసినారు. సర్కారుకూ పల్లె మనిషికీ నడుమ ఈ మూడో మనిషి ఏం చేస్తుండాడు అని చూసినారు. ఇట్లాంటి ప్రశ్నల సదువే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అంటే ప్రభుత్వ పాలనా శాస్త్రం. రాంరెడ్డి ఉస్మానియాలో ఈ సబ్జెక్టే చెప్పినాడు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెడితే దానికి తొలి వైస్ ఛాన్సలర్ అయినాడు. 1985లో ఢిల్లీలో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, "ఉద్యోగం చేసుకుంటానే ప్రొఫెషనల్ డాక్టరేట్, ఇంట్లో కూచోనే పేరు ముందు డాక్టర్" అనే ప్రకటనలు మన పిల్లోళ్ల ఫోన్లలో కూడా కనిపిస్తుండాయి. లక్షలు కట్టకముందు రోంత ఆగి, ఏది ఏందో తెలుసుకుందాం.

డాక్టరేట్లు రెండు రకాలు. పీహెచ్‌డీ అంటే ఒక విషయంలో కొత్త జ్ఞానం కనుక్కోవడం. ప్రొఫెషనల్ డాక్టరేట్ అంటే ఉన్న జ్ఞానాన్ని పట్టుకోని, తన ఆఫీసులోని ఒక చిక్కును విప్పడం. అమెరికా లాంటి దేశాల్లో ఏండ్ల తరబడి సర్కారు కొలువు చేసినోళ్లు సదివే డీపీఏ ఈ రెండో రకం. అక్కడ అది మంచి సదువే. మన యూనివర్సిటీల్లో మాత్రం మామూలుగా దొరికేది పీహెచ్‌డీనే. ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని 2022 అక్టోబరులోనే యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించినాయి. విదేశీ యూనివర్సిటీ పేరు చెప్పి ఇక్కడి కంపెనీ అమ్మినా అంతే. అదే ఏడు నవంబరులో వచ్చిన యూజీసీ రూల్సు కూడా దూరవిద్యలో, ఆన్‌లైన్లో పీహెచ్‌డీ కుదరదని రాసినాయి.

మరి ఉద్యోగం చేసేటోళ్లకు దోవ లేదా? ఉంది. అవే రూల్సు పార్ట్‌టైం పీహెచ్‌డీకి ఒప్పుకుంటాయి. పని చేసే ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవల్ల. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల్లో పని చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అర్హత ఇట్ల ఉంటది. రెండేండ్ల పీజీలో 55 శాతం, లేదంటే నాలుగేండ్ల డిగ్రీలో 75 శాతం రావల్ల. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని బీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. కనీసం మూడేండ్లు, ఎక్కువంటే ఆరేండ్లు, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేండ్లు. ఆడపిల్లలకు ఇంకా గడువు ఉంది. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడుగా ఉండకూడదు. సీట్లు తక్కువుండేది అందుకే.

లోపలికి పోయే వాకిళ్లలో ముఖ్యమైంది నెట్ పరీక్ష. ఏడాదికి రెండుసార్లు పెడతారు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అందులో ఒక సబ్జెక్టు. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలోనే వస్తాయి. తెలుగు మీడియం పిల్లోళ్లు డిగ్రీలో ఉన్నప్పుడే ఇంగ్లీషు పుస్తకం చేత పట్టాల్సింది ఇందుకే. జేఆర్ఎఫ్ వస్తే ఫుల్‌టైం సదివేటోళ్లకు మొదటి రెండేండ్లు నెలకు 37,000 ఇస్తారు, ఆ తర్వాత 42,000. దానికి వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకూ రిజర్వేషన్ వర్గాలకూ 5 ఏండ్లు సడలింపు. పీహెచ్‌డీకి మాత్రం వయసు అడ్డం లేదు.

ఇంగ ఒక నిజం చెప్పుకోవల్ల. డాక్టరేట్ రాగానే ఉద్యోగం నడిచి రాదు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకు నెట్ లేదా సెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. పేరు ముందు 'డాక్టర్' కోసమే అయితే ఆరేండ్లు చానా ఎక్కువ. ఒక ప్రశ్న మనల్ని నిద్ర పోనీకుండా చేస్తే అప్పుడు దిగొచ్చు.

ఆ ప్రశ్నలకు మనకాడ కరువు లేదు. పోతిరెడ్డిపాడు గేట్లు మన మండలంలోనే ఉండాయి. అక్కడ వదిలిన నీళ్లు తెలుగుగంగలో చెన్నై దాకా పోతాయి. ఏ ఊరికి ఎప్పుడు ఎన్ని నీళ్లని ఎవరు, ఏ కాగితం మీద తేలుస్తారు? శ్రీశైలం ముంపులో ఊర్లు పోయినోళ్ల కుటుంబాలకు ఉద్యోగాలని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చినారు. జీవో చేతికొచ్చిన కాణ్ణుంచి కొలువు చేతికొచ్చే దాకా ఏమేం బల్లలు దాటాల్సి వచ్చింది? 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినాక మన రైతుకు ఆఫీసు దగ్గరైందా, దారి మాత్రమే మారిందా?

ఇవి ఢిల్లీలో కూచున్నోళ్లకు తట్టే ప్రశ్నలు కావు. వరండాలో నిలబడిన అవ్వ మనవనికో, మనవరాలికో తట్టాల్సినవి. అందుకే ప్రకటనకు ఫోన్ చేసేముందు ఒక నోటుబుక్కు కొనండి. ఈసారి మండలాఫీసుకు పోయినప్పుడు ఎవరు ఎందుకొచ్చినారు, ఎన్నోసారి వచ్చినారు, ఏ కాగితం లేదని తిప్పి పంపినారు, ఇవన్నీ రాసుకోండి. రేపు గైడు ముందర కూచున్నప్పుడు ఆయన అడిగేది మొదట అదే: "ఏం తెలుసుకోవాలని వచ్చినావు?"