జీపునకు కొత్త టైర్లు: ఎంపికకు ముందు తెలియవలసినవి

జీపు ఎంత బరువైనదైనా నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోట నేలకు ఆనే భాగం విప్పిన అరచేతికంటె ఎంతో పెద్దది కాదు. డ్రైవరు బ్రేకు తొక్కినా, స్టీరింగు తిప్పినా, ఎత్తు రోడ్డు మీద ఇంజను ఎంత బలంగా లాగినా ఆ బలమంతా ఈ నాలుగు అరచేతుల ద్వారానే నేలకు చేరాలి. కనుక టైరు మార్చడమంటే అంగడికి పోయి చౌకగా దొరికినదాన్ని బిగించుకొని రావడం కాదు. వాహనంలో ఎక్కేవారి ప్రాణాలు వేటిపై ఆధారపడతాయో వాటిని ఎంచుకోవడం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు 1940ల చివరిలో మహీంద్రా సంస్థ ద్వారా మన దేశంలో స్థిరపడింది. రోడ్డు ఉన్నచోటా, లేనిచోటా నడవగలగడమే దాని ప్రత్యేకత. నేటికీ పాడేరు, చింతపల్లి, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో సంతకు పోయేవారు, ఆసుపత్రికి పోయే రోగులు ఇట్టి వాహనాలను నమ్ముకొనే ఉన్నారు. విద్యార్థులు విహారయాత్రలకు, జాతీయ సేవా పథకం శిబిరాలకు పోయేటప్పుడు అద్దెకు తీసుకొనేవి కూడ తరచుగా ఇవే. అందుచేత ఈ విషయం వాహన యజమానులకే కాక విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గానికి కూడ ఉపయోగపడగలదని తలచి ఇక్కడ వివరిస్తున్నాము.

పాత టైరు చెప్పే సంగతులు

కొత్త టైరు కొనడానికి ముందు పాత టైరును పరిశీలించాలి. అది ఎట్లా అరిగినదో చూస్తే వాహనంలోని లోపం తెలుస్తుంది. రెండు అంచులూ అరిగి మధ్యభాగం మిగిలి ఉంటే చాలకాలం గాలి తక్కువగా ఉన్నదన్నమాట. మధ్యభాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనదన్నమాట. ఒకే ప్రక్క అరిగితే చక్రాల అమరిక తప్పినదని గ్రహించాలి. ఈ కారణాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేస్తే, అది కూడ పాతదాని దారినే పడుతుంది.

టైరులో నేలకు ఆనే చెక్కడపు భాగాన్ని ట్రెడ్డు అంటారు. వాడుకలో గ్రిప్పు అంటాము. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం కారు, జీపు వంటి వాహనాల టైర్లలో గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. ట్రెడ్డు అరిగి ఆ దిమ్మెలతో సమానమైనప్పుడు టైరుకు కాలం చెల్లినట్లే. వానకాలంలో ఈ గాళ్లే నీటిని ప్రక్కలకు తోసి రబ్బరును రోడ్డుకు ఆనిస్తాయి. నున్నబడిన టైరుకు నీటిని తోసే దారి ఉండదు. వేగం పెరిగినకొద్దీ టైరు నీటిపొర మీదనే తేలిపోతుంది. అప్పుడు బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ మాట వినదు.

అంకెల భాష

టైరు ప్రక్కన ముద్రించిన అంకెలు అలంకారానికి ఉన్నవి కావు. పాత జీపుల టైరుపై 6.00-16 అని ఉంటుంది. అనగా టైరు వెడల్పు సుమారు 6 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. నేటి వాహనాలలో 215/75 ఆర్ 15 100 ఎస్ వంటి గుర్తు కనిపిస్తుంది. ఇందులో 215 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అనేది ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులని తెలుపుతుంది. ఆర్ అనగా రేడియల్. 15 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం. 100 అనేది భారసూచిక. దీని అర్థం 100 కిలోలు కాదు, ఆ టైరు 800 కిలోల బరువు మోయగలదని. ఎస్ అనే అక్షరం గంటకు 180 కిలోమీటర్ల వేగపరిమితిని సూచిస్తుంది.

ఈ లెక్కనుబట్టి పై టైరు మొత్తం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. దాని స్థానంలో ఆకర్షణ కొద్దీ 235/75 ఆర్ 15 టైరు వేస్తే వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లు అవుతుంది. అనగా నూటికి నాలుగు వంతులకు మించి పెరిగిందన్నమాట. అప్పుడు స్పీడోమీటరు 60 చూపుతున్నపుడు వాహనం నిజంగా 62న్నర వేగంతో పోతూ ఉంటుంది. ఎత్తులలో లాగే బలం తగ్గుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు టైరు బాడీకి రాసుకొనే ప్రమాదం ఉంది. చూపులకు పెద్ద టైరు గంభీరంగా ఉండవచ్చును గాని, వాహన నిర్మాత సూచించిన కొలతను మించిపోవడం వివేకం అనిపించుకోదు.

భారసూచికను ఇంకొకందుకు కూడ గుర్తుంచుకోవాలి. పదిమంది ఎక్కవలసిన జీపులో ఇరవైమందిని ఎక్కిస్తే అదనంగా పడే బరువు సుమారు 600 కిలోలు. అందులో అధికభాగం వెనుక ఇరుసు మీదనే పడుతుంది. అధికభారం వలన ప్రక్కగోడ ప్రతి చుట్టులోను అతిగా వంగి వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి దారాలు రబ్బరునుండి విడిపోతాయి. చివరకు టైరు పగులుతుంది. ఎంత ఖరీదైన టైరైనా ఈ అత్యాశకు పరిష్కారం కాదు.

నేలను బట్టి ట్రెడ్డు

ఇక అసలు ప్రశ్న: ఎటువంటి ట్రెడ్డు? దీనికి సమాధానం అంగడిలో లేదు. మనం నడిచే నేలలో ఉంది.

తారురోడ్డుకు తగిన టైరులో దిమ్మెలు దగ్గర దగ్గరగా, గాళ్లు సన్నగా ఉంటాయి. అది చప్పుడు చేయదు, త్వరగా అరగదు, తడిరోడ్డు మీద బాగా పట్టు ఇస్తుంది. బురద టైరులో దిమ్మెలు పెద్దవి, ఎడంఎడంగా ఉంటాయి. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడిలో వానకాలం నడిచినవారికి దీని అవసరం తెలుస్తుంది. రేగడి మన్ను సన్నని గాళ్లలో ఇరుక్కొని టైరును మట్టిముద్దగా మారుస్తుంది. గాళ్లు వెడల్పుగా ఉంటే చక్రం తిరిగేటప్పుడు ఆ మన్ను విదిలించుకొని పోతుంది. కాని ఈ టైరే తారురోడ్డు మీద హోరుమంటుంది, త్వరగా అరుగుతుంది. నేలకు ఆనే రబ్బరు తక్కువ గనుక తడి తారు మీద దాని పట్టు కూడ తక్కువే. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండేది అన్ని నేలలకు పనికివచ్చే ట్రెడ్డు.

ఇసుక స్వభావం వేరు. గోదావరి ఇసుకమేటలో లోతైన దిమ్మెలున్న చక్రం ఇసుకను తవ్వి తనకు తానే గొయ్యి తీసుకుంటుంది. అక్కడ కావలసింది తవ్వే పదును కాదు, తేలే వెడల్పు. రాళ్లదారులలో ట్రెడ్డుకంటె ప్రక్కగోడ బలం ముఖ్యం. ఎందుకంటే పదునైన రాయి కోసేది తరచుగా ప్రక్కనే.

కాబట్టి యజమాని తన ప్రయాణాలను నిజాయితీగా లెక్క వేసుకోవాలి. నూరు కిలోమీటర్లలో ఎనభై తారుమీద, ఇరవై మట్టిమీద నడిచే జీపుకు మధ్యస్థమైన ట్రెడ్డు చాలు. వానకాలమంతా బురదలోనే తిరిగే జీపుకు మాత్రమే బురద టైరు అవసరం. ఏడాదికొకసారి ఎదురయ్యే బురదకోసం ఏడాదంతా తడి తారుమీద అపాయాన్ని కొనితెచ్చుకోకూడదు.

గాలి చేసే పని

ఒకే టైరు గాలినిబట్టి వేర్వేరు గుణాలు చూపుతుంది. ఒక చక్రంపై 420 కిలోల బరువు ఉన్నదనుకుందాం. టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు ఉంటే, నేలకు ఆనే భాగం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. గాలిని 20 పౌండ్లకు, అనగా సుమారు 1.4 కిలోలకు తగ్గిస్తే ఆ భాగం 300 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ప్రక్కగోడ కూడ కొంత బరువు మోస్తుంది గనుక ఇది స్థూలమైన లెక్కయే. అయినా సూత్రం స్పష్టమే. ఇసుకలో చిక్కుకొన్న జీపు కొంత గాలి తీయగానే బయటపడడానికి కారణం ఇదే. అయితే ఆ స్థితిలో నెమ్మదిగా మాత్రమే నడపాలి. గట్టి రోడ్డు చేరగానే మళ్లీ గాలి కొట్టించాలి. లేనిచో పైన చెప్పిన వేడి, పగులు తప్పవు. గాలిని ఎప్పుడూ చల్లని టైరులోనే కొలవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కొలత సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగుతుంది.

రేడియల్, క్రాస్‌ప్లై

క్రాస్‌ప్లై టైరులో దారాల పొరలు ఒకదాని కొకటి ఏటవాలుగా అల్లుకొని ఉంటాయి. ప్రక్కగోడ దళసరి గనుక రాళ్లదెబ్బకు ఓర్చుకుంటుంది. కాని బరువుగా ఉండి వేడెక్కుతుంది. రేడియల్ టైరులో దారాలు ఒక అంచునుండి మరొక అంచుకు తిన్నగా పోతాయి; ట్రెడ్డు క్రింద ఉక్కుపట్టీలు ఉంటాయి. ఇది చల్లగా నడుస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది, నేలను చక్కగా పట్టుకుంటుంది. కాని ప్రక్కగోడ పలుచన. నేటి వాహనాలలో ఎక్కువ భాగానికి రేడియలే తగినది. ఒక వాహనానికి రెండు రకాలూ కలిపి వేయరాదు. మలుపులలో అవి వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ట్యూబులేని టైరులో మేకు దిగినా గాలి సాధారణంగా మెల్లగా పోతుంది. ఇది గొప్ప సౌకర్యం. కాని పాతకాలపు రిమ్ములు దీనికి తగినవి కావు. రాళ్లదెబ్బకు రిమ్ము అంచు వంగినా గాలి నిలవదు.

నాలుగూ ఒకే తీరు

నాలుగు చక్రాలూ లాగే జీపుల విషయంలో ఒక ప్రత్యేక నియమం ఉంది. పాత తరహా జీపులలో ఫోర్‌వీల్ గేరు వేయగానే ముందు, వెనుక ఇరుసులు ఒకే లెక్కన తిరగవలసివస్తుంది. వెనుక కొత్త టైర్లు వేసి, ముందు 7 మిల్లీమీటర్ల మేర అరిగినవి ఉంచామనుకుందాం. అప్పుడు ముందు టైరు వ్యాసం 14 మిల్లీమీటర్లు, అనగా సుమారు నూటికి రెండు వంతులు తక్కువ. ఒక కిలోమీటరు నడిచేసరికి ఆ రెండు ఇరుసుల మధ్య 20 మీటర్ల తేడా వస్తుంది. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడి గేర్లమీద, ఇరుసులమీద పడుతుంది. కనుక నాలుగూ ఒకేసారి, ఒకే రకంవి మార్చడం ఉత్తమం. స్టెప్నీ కూడ అదే కొలతదై ఉండాలి. వెనుక చక్రాలు మాత్రమే లాగే వాహనానికి రెండే కొత్తవి వేయవలసివస్తే వాటిని వెనుకనే వేయడం మంచిది. తడిరోడ్డు మీద వెనుకభాగం జారితే డ్రైవరు సర్దుకోవడం చాల కష్టం.

కొనేటప్పుడు

ప్రక్కగోడపై నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. వాడకపోయినా రబ్బరు కాలక్రమంలో గట్టిపడి బీటలు వారుతుంది. కనుక ఏండ్ల తరబడి అంగడిలో పడివున్న టైరు తక్కువ ధరకు దొరికినా లాభం కాదు. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు పరిధిలోని టైర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి, దానిని చూసి కొనాలి.

ధరను కూడ కిలోమీటరుతో భాగించి చూడాలి. ఆరువేల రూపాయల టైరు 30,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 20 పైసలు. ఏడున్నర వేల రూపాయల టైరు 50,000 కిలోమీటర్లు నడిస్తే 15 పైసలు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే అయినా, చౌక అనిపించినది ఖరీదు కావడం ఎట్లాగో వీటివలన తెలుస్తుంది.

రీట్రెడింగ్ చేసిన టైరు తప్పనిసరిగా చెడ్డదని మేము అనము. లోపలి కట్టు గట్టిగా ఉండి పని నాణ్యంగా జరిగితే అది మన్నుతుంది. లారీల వెనుక చక్రాలకు ఇది చిరకాలంగా వాడుకలో ఉంది. కాని ఘాటురోడ్డు మీద మనుషులను మోసే జీపు ముందు చక్రాలకు దానిని వేయడం సాహసమే. అట్లే, పాత టైరుకు కత్తితో కొత్త గాళ్లు చెక్కి అమ్మేవారుంటారు. అది లోపలి కట్టును బలహీనపరచే మోసం.

మన పట్టణాల మోటారు షెడ్లలో ఉస్తాదు చేతికింద పని నేర్చుకొనే షాగిర్దుకు మొదట అప్పగించేది చక్రం విప్పే పనియే. చదువుకొన్నవారు చిన్నదిగా భావించే ఆ పనిలో భౌతికశాస్త్రం, గణితం, మనిషి ప్రాణం మూడూ ఇమిడి ఉన్నాయి. మేము కోరేది ఒక్కటే. ఈసారి శిబిరానికి జీపు మాట్లాడుకొనేటప్పుడు అద్దె ఎంత అని అడగడంతోపాటు నాలుగు టైర్లనూ, స్టెప్నీనీ వంగి చూడండి. ట్రెడ్డు లోతు, ప్రక్కగోడ బీటలు, తయారీ తేదీ పరీక్షించండి. పట్టుమని అయిదు నిమిషాలు పట్టదు. టైర్లు నున్నబడి ఉంటే, ఎంత తక్కువ అద్దెకు వచ్చినా ఆ బండిని వద్దనే అధికారం ప్రతి విద్యార్థికి ఉండాలి. ఆ మాటను మన్నించే బాధ్యత పాలకవర్గం వహించాలి.