వేంపల్లె మీద పులివెందుల, పులివెందుల మీద తాడిపత్రి

*ముఖచిత్ర కథనం*

*పటంలో తూర్పు కనుమలు ఒకే చార. రాళ్ల పట్టిక తెరిస్తే అవి ఒక్క కొండల వరస కానే కాదు.*

‘తూర్పు కనుమల మీద కవర్ స్టోరీ కావాలి. ఫొటోలు పచ్చగా ఉండాలి. గురువారం సాయంత్రానికల్లా మ్యాటర్ ఇచ్చెయ్’ అన్నారు ఎడిటర్ గారు. పచ్చగా అంటే అరకు అని మా ఆఫీసులో అందరికీ తెలుసు. కాఫీ తోటలు, బొర్రా గుహలు, కిరండూల్ రైలు... కళ్లు మూసుకుని రాసేయొచ్చు.

నాకేమో మొదట్నుంచీ ఈ ‘తూర్పు కనుమలు’ అనే మాట మీదే గురి లేదు. ఒడిశాలో మహానది దగ్గర మొదలై తమిళనాడులో వైగై దాకా, సుమారు 1,750 కిలోమీటర్లు అని బళ్లో బట్టీ పట్టాం. పటంలో ఆ మేర గోధుమరంగు చార గీసి ఉంటుంది. ఆ చార పట్టుకుని నేల మీద నడవబోతే మాత్రం కృష్ణా గోదావరుల మధ్య తప్పిపోతాం. కొండపల్లి దగ్గర కాసిని కొండలు, అక్కడక్కడా గుట్టలు తప్ప వరసంటూ ఏదీ దొరకదు. పడమటి కనుమలు పాలక్కాడ్ దగ్గర తప్ప పెద్దగా తెగవు. ఇవేమో నది వచ్చిన ప్రతిచోటా తెగి పడ్డాయి. తెగినవాటిని ఒక పేరుతో కట్టి చూపించడం ఎవరికి సౌకర్యం?

ఈ గొణుగుడుతోనే పాత కాగితాలు తిరగేస్తుంటే విలియం కింగ్ దొరికాడు.

1872 నాటి పట్టిక

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మెమాయిర్స్, ఎనిమిదో సంపుటం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప, కర్నూలు శిలల మీద కింగ్ రాసిన నివేదిక అందులో ఉంది. అచ్చయింది 1872లో. కొండల్ని ఎత్తును బట్టి కాక, ఏ రాయి మీద ఏ రాయి పరుచుకుందో దాన్ని బట్టి ఆయన వరస పెట్టాడు. ఏ పొర ఎక్కడ బాగా కనిపిస్తే దానికి ఆ ఊరి పేరో, ఏటి పేరో, కొండ పేరో పెట్టాడు. ఫలితంగా ఆ పట్టిక ప్రొద్దుటూరు బస్టాండులో వేలాడే సర్వీసుల బోర్డులా తయారైంది.

> కింగ్ వరస (కింద ఉన్నవి ముందు, పైవి తర్వాత)
>
> కర్నూలు శిలలు
> కుందేరు: నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి
> పాణ్యం: క్వార్ట్‌జైట్
> జమ్మలమడుగు: ఔకు షేలు, నర్జి సున్నపురాయి
> బనగానపల్లె: గులకరాళ్లు కలిసిన ఇసుకరాయి
>
> కడప శిలలు
> కృష్ణా: శ్రీశైలం, కొలంనాల, ఇర్లకొండ
> నల్లమల: కంభం, భైరానికొండ
> చెయ్యేరు: తాడిపత్రి–పుల్లంపేట, పులివెందుల–నగరి
> పాపాఘ్ని: వేంపల్లె, గువ్వలచెరువు
>
> అన్నిటికీ అడుగున: పాత గ్రానైట్

కింగ్ ‘గుల్చేరు’ అని రాసింది మన గువ్వలచెరువునే. కడప నుంచి రాయచోటి వెళ్లేవాళ్లు పాలకోవా కోసం బండి ఆపే ఊరు. భూశాస్త్రం చదివే పిల్లలు దేశంలో ఎక్కడున్నా ఆ ఊరి పేరు పరీక్షలో రాయాల్సిందే.

తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఈ పట్టికను సవరించారు. చెయ్యేరు వరసలో కొంత భాగం ఇప్పుడు చిత్రావతి పేరు మీదికి మారింది. పై పొరల్లో ఏది ముందు, ఏది వెనక అన్న వాదన ఇంకా తెగలేదు. అయినా 150 ఏళ్లు దాటాక కూడా కింగ్ పెట్టిన ఊళ్ల పేర్లే నడుస్తున్నాయి.

పలక నుంచి వంటింటి గట్టు దాకా

ఇదంతా శాస్త్రవేత్తల గొడవ అనుకునేవాళ్లు ఒకసారి ఇల్లు కలయజూసుకోవాలి.

మనలో చాలామంది ‘అ, ఆ’లు దిద్దింది మార్కాపురం పలక మీద. చెక్క చట్రం, మధ్యలో నల్లటి రాయి. అది కింగ్ పట్టికలో నల్లమల వరసలోని కంభం పొర. మెత్తని బురద పేరుకుని, బరువుకీ వేడికీ గట్టిపడి, రేకుల్లా విడివడే రాయిగా మారింది. బొమ్మ మీద బొమ్మ వేసి, ఉమ్మి పెట్టి తుడిచి మనం అరగదీసింది నల్లమలనే.

వంటింట్లో గ్యాస్ పొయ్యి పెట్టిన గట్టు చూడండి. గ్రానైట్ మోజు రాకముందు వేసిందైతే అది కడప బండ. పై ముఖం నున్నగా, నల్లగా ఉంటుంది. సాన పట్టని అంచు మీద వేలు పెట్టి రాస్తే సన్నని పొరలు తగులుతాయి. నర్జి లాంటి సున్నపురాళ్లది ఆ స్వభావమే. క్వారీలో కూలీలు పొర సందు చూసి గునపం దింపితే బండ పలకలాగా లేస్తుంది. వసారాల్లో పరిచే నాపరాళ్లు ఈ సీమ నుంచి వచ్చినవే. బెలుం గుహలు ఏర్పడిందీ ఈ సున్నపురాయిలోనే. వాననీళ్లు రాయిని కరిగించుకుంటూ 3 కిలోమీటర్లకు పైగా దారి తొలిచాయి.

ఇంకా కిందికి, వేంపల్లె పొరలోకి దిగితే కథ మరీ పాతది. ఆ డోలమైట్ రాయిని అడ్డంగా కోస్తే వంపు తిరిగిన సన్నగీతలు ఒకదాని మీద ఒకటి గుమ్మటాల్లా కనిపిస్తాయి. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని, వాటి మీద ఒండ్రు పడి, మళ్లీ అవి పైకి పెరిగి కట్టుకున్న పొరలవి. స్ట్రొమటొలైట్లు అంటారు. వీటికి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలకు వయసు కడితే సుమారు 190 కోట్ల ఏళ్లు తేలింది. అంటే వేంపల్లె గీతలు అంతకంటే పాతవి. చెట్టూ చేపా ఏవీ పుట్టని కాలంలో వేంపల్లె దగ్గర ఉన్నది సముద్రం.

ఆ పొరల్లోనే పులివెందుల చుట్టుపక్కల రాతినార దొరికింది. తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నదీ వేంపల్లె డోలమైట్‌లోనే. పుల్లంపేట పొరలో, మంగంపేట దగ్గర, ముగ్గురాయి (బెరైటీస్). చమురు బావులు తవ్వేవాళ్లు దాన్ని పొడి చేసి బురదలో కలిపి బావిలోకి దించుతారు. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేట ఒకటి.

ఎర్రమల బల్లపరుపు, నల్లమల ముడతలు

పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే కొండల ఆకారం కూడా అర్థమవుతుంది. ఈ కడప శిలల నేల నెలవంక ఆకారంలో సుమారు 440 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. పడమటి సగంలో పొరలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. అందుకే ఎర్రమల కొండల నెత్తి చదును. గండికోటలో పెన్న అంచున నిలబడితే ఎదుటి గోడలో రాతి పలకలు పేర్చినట్టు కనిపించేదీ ఇందుకే. తూర్పు సగం మాత్రం తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ముడతలు పడింది. ఆ ముడతలే నల్లమల, వెలికొండల పొడవాటి వరసలు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రైలుకు బొగడ దగ్గర సొరంగం అవసరమైంది ఆ ముడతల్ని అడ్డంగా దాటడానికే.

పెన్నకు దక్షిణాన పాలకొండలు, అవే ముందుకు సాగి శేషాచలం. తిరుమల ఘాట్ రోడ్డు మీద రోజూ వేలమంది ఈ పట్టికలోని ఒక సందు దాటుతున్నారు. తిరుపతి ఊళ్లోంచి తలెత్తితే కనిపించే నిట్టనిలువు గోడ నగరి క్వార్ట్‌జైట్. దాని కింద చెట్లతో కప్పుకుని వాలుగా ఉన్నది గ్రానైట్. రెండూ తాకే గీత రోడ్డు కోతలో కనిపిస్తుంది. గ్రానైట్ పుట్టి, పైకి లేచి, అరిగిపోయి, దాని మీదికి సముద్రం వచ్చి ఇసుక పరిచేదాకా గడిచిన కాలం తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్లు. ఆ కాలానికి అక్కడ ఏ రాయీ సాక్ష్యం లేదు. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కొండ మీద శిలాతోరణానికీ అదే గుర్తింపు ఉంది. తోరణం దగ్గర సెల్ఫీలకు కొదవ లేదు. ఈ గీత దగ్గర ఆగేవాళ్లు అరుదు. ఘాట్‌లో బండి ఆపనివ్వరు కూడా.

> ఎవరు పొడుగు?
>
> తూర్పు కనుమల్లో ఎత్తైనది మహేంద్రగిరి (1,501 మీటర్లు) అని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉండేది. కొరాపుట్‌లోని దేవమాలి 1,672 మీటర్లు. మన అల్లూరి జిల్లాలోని జిందగడ సుమారు 1,680. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు మీ పుస్తకం ఏ సంవత్సరం నాటిదో చూసుకోండి. నల్లమల ఈ పోటీకి రాదు. దాని శిఖరాలు 900 మీటర్లు దాటీ దాటనట్టు ఉంటాయి.

మిగతా చరిత్ర, గబగబా

పేజీ అయిపోతోంది కాబట్టి ఉత్తరాది కొండల సంగతి క్లుప్తంగా. మహేంద్రగిరి, మాడుగుల, అరకు, పాపికొండలు వేరే జాతి. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికిన ఖొండలైట్, చార్నొకైట్ శిలలివి. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఈ నేల తూర్పు అంటార్కిటికాతో అతుక్కుని ఉండేది. అక్కడి రేనర్ ప్రాంతపు రాళ్లు వీటికి దాయాదులు. తర్వాత ఖండాలు విడిపోయాయి, తూర్పున బంగాళాఖాతం వచ్చింది, మహానది, గోదావరి, కృష్ణా, పెన్న కొండల్ని కోసుకుంటూ దానిలోకి దిగాయి. ఇంకా దక్షిణాన తమిళనాట జవ్వాదు, షెవరాయ్, కొల్లి కొండలది మళ్లీ మరో కథ. ఇవన్నీ పుట్టి, అరిగిన ఎన్నో యుగాలకు గానీ హిమాలయాలు లేవలేదు.

> నది కోసిన చోట్లు
>
> గోదావరి: పాపికొండలు. కృష్ణ: శ్రీశైలం నుంచి నాగార్జునసాగర్ దాకా లోయ. పెన్న: ముందు ఎర్రమలను గండికోట దగ్గర, చివర వెలికొండను సోమశిల దగ్గర. శ్రీశైలం, సాగర్, సోమశిల ఆనకట్టలు కట్టింది ఈ కోతల్లోనే. నది ముందే గోడలు చెక్కిపెట్టింది, ఇంజినీర్లు మధ్యలో తలుపు పెట్టారు.

> కలివికోడి
>
> జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దంలో లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్నారు. 1986లో లంకమల పాదాల్లోని ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరుగుతుంది. దీని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది.

రాయిని బట్టి రంధి

రాళ్లు ఎన్ని రకాలైతేనేం, కొండ కొండే కదా అని ఎడిటర్ గారు అడగకపోరు. దానికి నా జవాబు ఇది.

ఏ కొండకు ఏ ఆపద వస్తుందో దాని రాయే నిర్ణయిస్తోంది. ఖొండలైట్ ఎండకీ వానకీ నాని, అల్యూమినియం మిగిలి, నెత్తిన బాక్సైట్ టోపీ పెట్టుకుంటుంది. కాబట్టి విశాఖ మన్యంలో పోరాటం బాక్సైట్ మీద. తవ్వకాలకు అనుమతిస్తూ 2015లో జీవో 97 వచ్చింది, ఆదివాసులు ఎదురు తిరిగారు, 2019లో రద్దయింది. వేంపల్లె రాయిలో యురేనియం ఉంది కాబట్టి అక్కడి రైతుకు బోరునీళ్ల బెంగ. నర్జి రాయి పలకలుగా లేస్తుంది కాబట్టి, సిమెంటుకూ పనికొస్తుంది కాబట్టి అక్కడ క్వారీ గోతులు. శేషాచలం, పాలకొండల క్వార్ట్‌జైట్ వాలుల మీద మట్టి పలచన. అటువంటి చోటే ఎర్రచందనం బాగా చేవదేరుతుంది. అక్కడ గొడ్డలి భయం. నల్లమల ముడతల మధ్య పులి తిరుగుతుంది, చెంచులు ఉంటారు. అక్కడ తగవు ఎవరి అడవి, ఎవరి హక్కు అన్న దాని మీద.

పడమటి కనుమలకు గాడ్గిల్ కమిటీ వచ్చింది, 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మనవాటికీ అటువంటిది కావాలని పర్యావరణ సభల్లో తీర్మానాలు చేస్తుంటారు. కావాల్సిందే. ఢిల్లీకి అర్జీ పెట్టాలంటే ఒక పేరు ఉండాలి, ‘తూర్పు కనుమలు’ ఆ పనికి అక్కరకొస్తుంది. అంతవరకు ఆ పేరుతో నాకు పేచీ లేదు. ఆ పేరు చూసి ఢిల్లీ నుంచి ఒకే చట్టం, ఒకే పటం, ఒకే నిబంధనల కట్ట వస్తేనే చిక్కు. అరకులో బాక్సైట్‌ను ఆపే నిబంధన మంగంపేటలో దేన్నీ ఆపదు. ఎర్రచందనాన్ని కాపలా కాసే చెక్‌పోస్టు తుమ్మలపల్లె బోరునీళ్లను పరీక్షించదు.

కమిటీ ఎప్పుడు వేసినా, సభ్యులు మొదట ముందేసుకోవాల్సింది గోధుమరంగు పటాన్ని కాదు, కింగ్ పట్టికను. పాపాఘ్నికి ఒక పేజీ, నల్లమలకు ఒక పేజీ, ఖొండలైట్ మన్యానికి వేరే పుస్తకం. నివేదిక లావవుతుంది, నిజమే. కింగ్ నివేదిక కూడా లావే. అందుకే ఇన్నేళ్లయినా పనికొస్తోంది.

అరకు ఫొటోలు లోపలి పేజీలో ఉన్నాయి.