కస్టమ్ ఐఈఎం చెవికి సరిగ్గా కూర్చుందా? రీఫిట్ గడువు దాటకముందే ఇలా చెక్ చేసుకోండి

మా బావ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాడతాడు. పోయిన సీజన్‌కి ముందు ముచ్చటపడి కస్టమ్ ఐఈఎం చేయించుకున్నాడు. అంటే చెవి అచ్చు తీసి, దానికి తగ్గట్టు షెల్ పోసి ఇస్తారు కదా, అవన్నమాట. ఇంట్లో కూర్చుని వింటే సౌండ్ అదుర్స్. స్టేజీ ఎక్కి నోరు పెద్దగా తెరిచి పల్లవి ఎత్తుకున్నాడో లేదో, ఎడమ చెవిలో బేస్ మాయం! కేబుల్ మార్చాడు, మిక్సర్ దగ్గర కుర్రాడి మీద అరిచాడు. అసలు తప్పు ఎక్కడుందో తెలిసేసరికి ఉచితంగా సరిచేసిచ్చే గడువు కాస్తా దాటిపోయింది.

మామూలు ఇయర్‌ఫోన్స్‌కి టిప్ మార్చుకుంటే సరి. వీటికి ఆ వెసులుబాటు లేదు. అందుకే బాక్స్ చేతికొచ్చిన మొదటి వారం సౌండ్ సంగతి పక్కన పెట్టి, ముందు ఫిట్ చూసుకోండి.

పెట్టుకునే పద్ధతి తెలియక కంగారు పడేవాళ్లే ఎక్కువ. ఎరుపు గుర్తున్నది కుడి చెవికి, నీలం ఎడమకి. షెల్‌ని కొంచెం ముందుకు తిప్పి లోపలికి పోనిచ్చి, తర్వాత మెల్లగా వెనక్కి తిప్పాలి. రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి పట్టుకుంటే సులువు. బిగువుగా ఉంటే నీళ్లతో తయారైన ఇయర్ జెల్ ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దండీ బాబూ! సౌండ్ వచ్చే రంధ్రాల్లోకి పోతే అసలుకే ఎసరు.

ఇక అసలు టెస్ట్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, 50 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. ఇప్పుడు నవ్వండి, నమలండి, తల తిప్పండి, పాడుతున్నట్టు నోరు తెరవండి. ఆ గుమ్మనే మోత ఒక చెవిలో పడిపోతోందంటే అక్కడ గాలి లీకవుతోందని అర్థం. షెల్‌ని వేలితో మెల్లగా నొక్కితే మోత తిరిగొస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. కేబుల్ మీద డౌటుంటే కుడి, ఎడమ వైపులు మార్చి చూడండి. అప్పుడూ అదే చెవిలో తగ్గితే తప్పు కేబుల్‌ది కాదు. బాగా ఆవులించినప్పుడు కొద్దిగా తగ్గడం మాత్రం నేనైతే పట్టించుకోను. పాడేవాళ్లకి ఆ మినహాయింపు లేదు.

ఎందుకిలా అవుతుంది? చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి చూడండి, లోపలి గోడ కదలడం మీకే తెలుస్తుంది. దవడ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందే ఉంటుంది మరి. అందుకే అచ్చు తీసేటప్పుడు పళ్ల మధ్య బైట్ బ్లాక్ పెట్టి నోరు తెరిపించాలి, చెవి రంధ్రం రెండో వంపు దాటేదాకా సిలికాన్ వెళ్లాలి. మా బావకి నోరు మూయించే తీశారట!

నొప్పి సంగతికొస్తే, మొదటి రెండు మూడు రోజులు చెవి నిండినట్టుండటం మామూలే. కానీ అరగంట పెట్టుకున్నాక ప్రతిసారీ ఒకే చోట పొడుస్తూ, తీశాక అక్కడే ఎర్రగా కనిపిస్తే అలవాటవుతుందిలే అని ఓర్చుకోవద్దు. ఫోటో తీసి, షెల్ మీద ఆ చోటు గుర్తుపెట్టి తయారీదారుకి పంపండి. బిగువుగా ఉన్నచోట కాస్త అరగదీయడం వాళ్లకి తేలికే. ఇంట్లో గరుకు కాగితంతో మీరే మొదలెట్టకండి. వదులైతే మాత్రం చాలాసార్లు కొత్త అచ్చే దిక్కు.

వదులుగా ఉన్నా సర్దుకుపోదాం అనుకుంటే చెవులకే దెబ్బ. బేస్ వినపడక వాల్యూమ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 దగ్గర 4 గంటలే. ఒక పెళ్లి రిసెప్షన్‌కే ఆ కోటా అయిపోతుంది.

బావ మళ్లీ డబ్బు కట్టి, ఈసారి నోరు తెరిచి అచ్చు ఇచ్చొచ్చాడు. కొత్త జత వచ్చిన రోజు చెవుల్లో 50 హెర్ట్జ్ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి అరగంట గొంతెత్తి పాడాడు. మా అక్క తలుపేసుకుంది.