లెహిస్తానపు రాయబారి

పదునెనిమిదవ శతాబ్దాంతమున రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలెండును పంచుకొనిన పిదప, ఆ దేశము ఐరోపా పటమున కానరాకపోయినను, ఇస్తాంబులు కొలువులో విదేశ రాయబారులను పేరుపేరున పిలుచునపుడెల్ల ‘లెహిస్తానపు (అనగా పోలెండు) రాయబారి యింకను విచ్చేయలేదు’ అని ప్రకటించుచుండిరని పోలెండు ప్రజలు నేటికిని చెప్పుకొందురు. ఇది చరిత్రకన్న జనశ్రుతికే దగ్గర. కాని ఆపత్కాలమున ఆ జాతి ఎవరిని మిత్రునిగా తలచెనో ఈ కథ చెప్పకయే చెప్పుచున్నది.

ఆ మిత్రుడైన తురుష్కుడు మున్ను పగవాడే యగుట విశేషము. 1414లో పోలెండు దూతలు సుల్తాను సన్నిధి కేగిరి. 1533లో సుల్తాను సులేమానుతో పోలెండు రాజు మొదటి సిగిస్మండు చేసికొనిన సంధి ఆ యిరువురి జీవితకాలమునకును వర్తించునట్లు వ్రాయబడెను. హాబ్స్‌బర్గు వంశమువారు పోలెండు సింహాసన మెక్కుట సుల్తానులకు కిట్టనిది. ఆ శాంతికి మూలబలము అదియే. పరిస్థితులు మారగానే కత్తులు దూయబడినవి. 1672లో తురుష్కులు కామెన్యెట్స్ దుర్గమును పట్టుకొనగా, 1683లో వియన్నా ముట్టడిని భగ్నము చేసి వారిని తరిమినవాడు పోలెండు రాజు యాన్ సొబియెస్కి.

అటుపిమ్మట రష్యా భయము ఉభయులకును సమానమయ్యెను. రష్యా పెత్తనముపై బార్ పట్టణమున కూటమిగట్టి తిరుగబడిన పోలిష్ ప్రభువర్గమును తరుముకొనుచు కొసాక్కులు తురుష్కుల బాల్టా పట్టణముపై బడినందున, 1768లో సుల్తాను రష్యాపై యుద్ధము ప్రకటించెను. ఆ యుద్ధము ముగియకమునుపే, 1772లో, పోలెండు తొలి విభజన జరిగిపోయెను. మిత్రుని రక్షింపబోయి తానే ఓడిన సామ్రాజ్యము అది.

అయినను 1849లో జరిగిన దానిని కేవలము స్వార్థమని నేననజాలను. హంగేరీ తిరుగుబాటు అణగిపోగా, అందు పోరాడిన పోలిష్ వీరులు తురుష్క దేశమున శరణుజొచ్చిరి. వారిని తమకప్పగింపుమని రష్యా, ఆస్ట్రియాలు బెదరించినను సుల్తాను అబ్దుల్ మజీదు ఒప్పుకొనలేదు. బ్రిటను, ఫ్రాన్సు రాయబారుల మద్దతు ఆయనకున్నమాట నిజము. కాని వారి నౌకాదళములు కదలినది ఆయన కాదనిన పిమ్మటనే. ఆ శరణార్థులలో సేనాని యూజెఫ్ బెమ్ ఇస్లాము స్వీకరించి మురాద్ పాషాయై 1850లో అలెప్పోలో మరణించెను. 1929లో అతని అస్థికలను జన్మస్థలమైన టార్నూఫునకు తెచ్చి, కొలను నడిమి దీవిలో ఎత్తైన స్తంభములపై పేటికను నిలిపిరి; మతము మారినవానికి చర్చి పావనము చేసిన నేలలో చోటు కుదరదను తలంపే ఇందులకు కారణమందురు. పోలిష్, హంగేరియన్ భాషలతోపాటు పాత తురుష్క లిపిలోను అచ్చట వ్రాత కలదు. శరణిచ్చిన నేలను అతని దేశము మరువలేదు.

ఇస్తాంబులు సమీపమున 1842లో ప్రవాస పోలిష్ ప్రజలకై నెలకొల్పిన పోలోనెజ్‌కోయ్ గ్రామము నేటికిని ఉన్నది. పోలిష్ మహాకవి ఆడమ్ మిత్స్‌కేవిచ్ 1855లో ఆ నగరముననే కన్నుమూసెను. మరల స్వతంత్రమైన పోలెండు, లోజాను నగరమున 1923 జూలై 23వ తేదీని తురుష్కులతో మైత్రీసంధిపై సంతకము చేసినది. మొదటి ప్రపంచయుద్ధ విజేతలైన పెద్దరాజ్యములు వారితో సంధి చేసికొనినది ఆ మరునాడు.