శిక్షల పెంపూ, డిఫెన్సు హక్కూ: అత్యాచార కేసుల్లో దళితులు

అత్యాచారం కేసు కోర్టుకెక్కినప్పుడు దళితవాడ రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి సాక్షి బోను, రెండోది ముద్దాయి బోను. సాక్షి బోనెక్కిన మన ఆడబిడ్డ మాటను నమ్మడానికి వ్యవస్థ వెనకాడుతుంది. ముద్దాయి బోనెక్కిన మన కుర్రాడి మాటను వినడానికే ఓపిక ఉండదు. ఏ పెద్ద సంఘటన జరిగినా 'ఉరి తియ్యాలి' అనే కేక లేస్తుంది, చట్టంలో శిక్ష పెరుగుతుంది. ఈ పెరిగిన శిక్ష ఎవరికి అందుతుంది, ఎవరి మెడకు చుట్టుకుంటుంది అనేది మనం విడిగా అడగాల్సిన ప్రశ్న. అందుకోసం ముందు చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవాలి.

1. చట్టం ఎట్లా మారింది

1860 నాటి శిక్షాస్మృతిలోని అత్యాచార నిర్వచనం నూరేళ్లకు పైగా పెద్దగా మారలేదు. దాన్ని కదిలించింది ఒక ఆదివాసీ బాలిక కేసు. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఇద్దరు పోలీసులు ఆమెపై అత్యాచారం చేశారన్నది ఆరోపణ. ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు, కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టే అని సుప్రీంకోర్టు 1978లో ఆ ఇద్దరినీ వదిలేసింది. మథుర కేసుగా చరిత్రకెక్కింది ఇదే. ఆ తీర్పును ఖండిస్తూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ దేశమంతా చర్చ లేపింది. 1978లోనే హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీపై జరిగిన అత్యాచారమూ, ఆమె భర్త చావూ మన జనాన్ని వీధుల్లోకి తెచ్చాయి. ఈ పోరాటాల ఫలితంగానే 1983 సవరణ వచ్చింది. కనీసం ఏడేళ్ల శిక్ష పెట్టారు. కస్టడీలో జరిగిన అత్యాచారమైతే, 'నేను ఒప్పుకోలేదు' అని ఆమె చెబితే కోర్టు అలాగే భావించాలన్నారు.

ఢిల్లీ బస్సు సంఘటన తర్వాత 2013లోనూ, కథువా సంఘటన తర్వాత 2018లోనూ మళ్లీ సవరణలు జరిగాయి. ఒక విషయం గమనించాలి. 1983 సవరణ ముఖ్యంగా పోలీసు అధికారాన్ని ప్రశ్నించింది. తర్వాత వచ్చిన వాటిలో మంచి ఉంది. నిర్వచనం విస్తరించింది, కేసు నమోదు చెయ్యని పోలీసు అధికారికి జైలుశిక్ష పెట్టారు. గానీ జనానికి చూపించింది మాత్రం ఉరితాడునే.

2. ఇప్పుడున్న శిక్షలు

2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత చట్టం ప్రకారమే శిక్ష. కొత్త సంహిత 64వ సెక్షన్ కింద అత్యాచారానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. పోలీసులు, ప్రభుత్వోద్యోగులు, స్త్రీపై పెత్తనం చెలాయించే స్థానంలో ఉన్నవాళ్లు చేస్తే యావజ్జీవమంటే బతికున్నంత కాలమూ జైలే. ఈ 'పెత్తనం చెలాయించే స్థానం' అన్న మాట దొర దగ్గర కూలికి పోయే స్త్రీకి పనికొచ్చేది. అయినా చార్జిషీట్లలో దాన్ని వాడుకోవాలన్న స్పృహ తక్కువ.

పదహారేళ్ల లోపు బాలికైతే కనీసం ఇరవై ఏళ్లు. పన్నెండేళ్ల లోపైతే ఇరవై ఏళ్ల నుంచి మరణశిక్ష దాకా (65వ సెక్షన్). అత్యాచారంలో బాధితురాలు చనిపోయినా, తేరుకోలేని అచేతన స్థితికి చేరినా అంతే (66). సామూహిక అత్యాచారానికి కనీసం ఇరవై ఏళ్లు. బాధితురాలికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే బతికున్నంత కాలం జైలు లేదా మరణశిక్ష (70). బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు (72). ఈ వ్యాసంలో పేర్లు లేనిది అందుకే.

3. కులాన్ని రుజువు చెయ్యమన్న మెలిక

1989 అట్రాసిటీ చట్టంలో 3(2)(v) అనే సెక్షన్ ఉంది. పదేళ్లు గానీ అంతకు మించి గానీ శిక్షపడే నేరాన్ని దళితులపైనో ఆదివాసులపైనో చేస్తే యావజ్జీవం వెయ్యాలంటుంది. చదవడానికి గట్టిగానే ఉంది. అయితే 'ఆ కులం అనే కారణంతో' చేసినట్టు రుజువు కావాలని మొదట్లో రాశారు. మాదిగ స్త్రీపై చెయ్యి వేసినవాడు 'నీ కులం చూసి వేస్తున్నా' అని సాక్షుల ముందు చెప్పి వేస్తాడా? ఈ ఒక్క మాట పట్టుకుని కోర్టులు అట్రాసిటీ సెక్షన్ కొట్టేస్తూ వచ్చాయి.

2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ దీన్ని మార్చింది. బాధితురాలు ఎస్సీ లేదా ఎస్టీ అని నేరస్తుడికి 'తెలిసి ఉంటే' చాలు. పరిచయస్తుడైతే తెలుసనే కోర్టు భావించాలి. అయినా పాత కేసులకు పాత మెలికే వర్తించింది. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్త్రీ కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం మూడూ కలిసి ఆమెను ఎట్లా బలహీనురాలిని చేశాయో వివరంగా రాసింది. అత్యాచారానికి పడిన యావజ్జీవాన్ని ఖాయం చేసింది. కానీ కులం కారణమనడానికి విడిగా సాక్ష్యం లేదని అట్రాసిటీ సెక్షన్ కింద శిక్షను తీసేసింది. మూడూ విడదీయరానివని చెప్పిన తీర్పే, రుజువు దగ్గరకొచ్చేసరికి కులాన్ని విడదీసి చూపమంది.

4. ముద్దాయి హక్కులు ఎవరి హక్కులు?

ఇక రెండో బోను సంగతి. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే. రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని అతన్ని బలవంతం చెయ్యరాదు. 22వ అధికరణం ప్రకారం అరెస్టు కారణం చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, తన వకీలును కలవనివ్వాలి. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. అంటే బాధితురాలికీ ఉంది, ముద్దాయికీ ఉంది.

డిఫెన్సు హక్కుకు హద్దు కూడా ఉంది. సాక్షులను క్రాస్ చెయ్యొచ్చు గానీ బాధితురాలి గత లైంగిక జీవితాన్ని తవ్వి, దాన్నిబట్టి ఆమె ఒప్పుకుందని వాదించకూడదు. రెండు వేళ్ల పరీక్ష చెయ్యరాదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఆమె ఒక్కరి సాక్ష్యం నమ్మదగినదైతే దానిమీదే శిక్ష వెయ్యొచ్చు.

ఈ హక్కులు కాగితం మీదే ఉండిపోతే ఏమవుతుందో రెండు కేసులు చెబుతాయి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉన్న ఒక విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. పోలీసులు 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి ముద్దాయిగా నిలబెట్టారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టమని సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. ఇక్కడ అన్యాయం జరిగింది ఒక్కరికి కాదు. చనిపోయిన బిడ్డ తల్లిదండ్రులకూ అన్ని ఏళ్లూ న్యాయం అందలేదు.

రెండోది మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాది. 2003లో జరిగిన అత్యాచారం, హత్యల కేసులో సంచార జాతులకు చెందిన ఆరుగురికి ఉరిశిక్ష పడింది. హైకోర్టు ముగ్గురి ఉరిని యావజ్జీవంగా మారిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే ఖాయం చేసింది. అదే సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఆరుగురూ నిర్దోషులని తేల్చింది. బతికి బయటపడ్డ సాక్షి పోలీసుల ఫోటోల్లో వేరే నలుగురిని గుర్తించినా వాళ్ల మీద దర్యాప్తే జరగలేదని బయటపడింది. ఒక్కొక్కరికి అయిదు లక్షల పరిహారం ఇవ్వమన్నారు. మధ్యలో ఉరి తీసి ఉంటే ఆ పరిహారం ఎవరికిచ్చేవాళ్లు?

మరణశిక్ష పడినవాళ్లలో దాదాపు ముప్పావు వంతు ఆర్థికంగా బలహీనులేనని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016 నివేదిక చెప్పింది. ఉరి పడే అవకాశమున్న కేసుల్లో కోర్టు పెట్టే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలనీ, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2019 డిసెంబరులో ఆదేశించింది. వకీలును పెట్టిన రోజే చార్జీలు కూడా చదివేసిన కేసు అది.

5. ఒకే వారం, రెండు సంఘటనలు

2019 నవంబరు 24న ఆసిఫాబాదు జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే బుడగజంగం స్త్రీని అత్యాచారం చేసి చంపారు. మూడు రోజులకు, 27న, శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై అదే ఘోరం జరిగింది. రెండో సంఘటనకు దేశం కదిలింది. మొదటిదాన్ని పట్టించుకొమ్మని దళిత సంఘాలు అడగాల్సి వచ్చింది.

రెండో కేసులో నలుగురు నిందితులను డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. పూలు చల్లారు. కావాలనే చంపడానికి కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. మొదటి కేసులో విచారణ జరిగింది. 2020 జనవరి 30న ఆదిలాబాదు ప్రత్యేక కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష విధించింది. ఆ శిక్షతో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సాక్షులు చెప్పారు, డిఫెన్సు వాదించింది, జరిగిన నేరం రికార్డుకెక్కింది. చటాన్‌పల్లిలో ఏ సాక్ష్యమూ కోర్టులో పరీక్షకు నిలబడలేదు. ఆ నలుగురి నేరాన్ని ఇక ఏ కోర్టూ తేల్చలేదు.

షాద్‌నగర్ వకీళ్లు నిందితుల తరఫున వాదించబోమని తీర్మానించారు. ఇలాంటి తీర్మానాలు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

6. మన ముందున్న పని

శిక్ష పెంచమనే నినాదం కంటే కేసు నిలబెట్టే పని కష్టం. అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. 15ఎ సెక్షన్ కింద బెయిలు దరఖాస్తు వచ్చినప్పుడు బాధితురాలి వాదన వినాలి. ఆ నోటీసు అందకుండా బెయిలిస్తే అదే కారణంతో పై కోర్టుకు పోవచ్చు. 2016 రూల్స్ ప్రకారం అత్యాచారానికి అయిదు లక్షలు, సామూహిక అత్యాచారానికి ఎనిమిది లక్షల ఇరవై అయిదు వేలు సాయం రావాలి. ఎఫ్ఐఆర్లో కులం, సరైన సెక్షన్, వైద్య పరీక్ష తేదీ ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి. రాజీకొచ్చే పెద్దమనుషుల్ని గడప దాటనివ్వకూడదు.

అదే సమయంలో మన వాడ కుర్రాణ్ణి అనుమానంతో పట్టుకుపోతే ఇరవై నాలుగు గంటల లెక్క మనమే కట్టాలి, లీగల్ ఎయిడ్ వకీలును మనమే అడగాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు కావు. ఇబ్రహీంపట్నం కేసులో నిర్దోషిని లోపల పెట్టినన్నాళ్లూ దోషి బయట తిరిగాడు. ఆ సంగతి మరచిపోకుండా ఉంటే, రేపు మళ్లీ 'ఉరి తియ్యాలి' అనే కేక లేచినప్పుడు మన గొంతు కలిపే ముందు ఎవరిని, ఏ సాక్ష్యంతో అని అడగగలం.