చెంచా వెనుక చుక్క

తాతల నాటి రష్యా మీనా వస్తువు అసలుదో కాదో తేల్చాలంటే ముద్ర కన్నా ముందు తీగెను చూడాలి. ఆ తీగెను చదవగలిగిన చేతులు మన కరీంనగర్‌లోనే ఉన్నాయి.

మా ఇంట్లో దాన్ని రాజు చెంచా అనేవాళ్లు. మందమర్రి సింగరేణి క్వార్టర్‌లో, నాయినమ్మ సందుగ అడుగున, ఎర్ర గుడ్డలో చుట్టి ఉండేది. జానెడు కూడా లేదు. కాడ మీద నీలం, తెలుపు, లేత ఆకుపచ్చ పూలు. పువ్వుకూ పువ్వుకూ నడుమ మెలితిప్పిన సన్నటి తీగె. నోట్లో పెట్టుకునే భాగం మాత్రం బంగారు నీళ్లు పోసినట్టు పచ్చగా ఉంటుంది.

తాత బొగ్గుబాయి కార్మికుడు, యూనియన్ మనిషి. మాస్కో పోయొచ్చిన పెద్దాయన ఒకరు ఆయనకు దాన్ని బహుమతిగా ఇచ్చారట. అసలు కథ అంతే. కానీ నాయినమ్మ చెప్పిన కొద్దీ ఇచ్చినవాడి హోదా పెరుగుతూ పోయింది. నా చిన్నప్పుడు అది మాస్కో అంగట్లో కొన్న చెంచా. నేను పదో తరగతికి వచ్చేసరికి మంత్రి కానుక. నా పెళ్లినాటికి జార్ చక్రవర్తి పాయసం తిన్న చెంచా అయింది.

నాయినమ్మ పోయాక సందుగ తెరిచారు. చెంచా వెనుక చిన్న అంకె ఉంది: 916. చూడగానే మా బావ లేచి నిలబడ్డాడు. ‘నైన్ వన్ సిక్స్! ఇది బంగారం రా’ అన్నాడు. ఆ పూట నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. పట్నంలో ఒక నగల దుకాణానికి తీసుకెళ్తే, అక్కడి పిల్లాడు అడక్కుండానే గీటురాయి బయటికి తీశాడు. అమ్మ చేయి పట్టుకుని ఆపకపోతే కాడ మీది పువ్వు ఒకటి రాలిపోయేదే. ఇలా కాదని మంచిర్యాల దగ్గర గోదావరి దాటి కరీంనగర్ బస్సెక్కాను.

కరీంనగర్ ఎందుకంటే తీగె కోసం. అక్కడి వెండి తీగె పని ఎలగందుల నుంచి వచ్చిందంటారు. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పాందాన్లు, అత్తరుదాన్లు, పన్నీరు బుడ్డీలు, నెమళ్లు అన్నీ గాలి ఆడే జాలీలా ఉంటాయి. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతూ వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు తీగెలు కలిపి పురి పెడతారు. పురి పెట్టినదాన్ని చదును చేస్తే అంచు రంపం పళ్లలా మారుతుంది. దాన్ని చుట్టలు చుట్టి, మందపాటి తీగె చట్రంలో ఇరికించి, టంకం పొడీ వెలిగారమూ చల్లి మంట చూపిస్తారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగె కరిగి గుండులా ముడుచుకుపోతుంది. అందుకే ఇది కళ్లూ ఊపిరీ రెండూ అరిగే పని.

నేను కలిసిన అవుసులాయనకు అరవై దాటాయి. చెంచాను రాయి మీద పెట్టలేదు, తూకం వేయలేదు. భూతద్దం కంటికి ఆనించుకుని కిటికీ దగ్గరికి జరిగాడు. చాలాసేపు మాట్లాడలేదు.

‘ఈ పురి మన పురే బిడ్డా. రెండు తీగెలు మెలేసి సాపు చేసిండు. మనం ఇడిచిపెట్టిన సందులళ్ల వాడు గాజు పోసిండు, గంతే ఫరకు’ అన్నాడు.

ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు దొరకనిది ఆ ఒక్క మాటలో దొరికింది. రష్యాలో ఈ తీగె పనిని ‘స్కాన్’ అంటారు. ఆ మాటకు మూలం మెలితిప్పడం, అంటే మన పురి పెట్టడమే. లోహం మీద ఆ తీగెతో చిన్న చిన్న గళ్లు కట్టి, రంగు గాజు పొడిని తడిపి గళ్లలో నింపి కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి కుంగుతుంది. మళ్లీ నింపి మళ్లీ కాలుస్తారు. ఈ మీనా గాజు, అంటే ఎనామెల్, సాధారణంగా 750 నుంచి 850 డిగ్రీల వేడిలో కరుగుతుంది. శుద్ధ వెండి కరిగేది సుమారు 960 డిగ్రీల దగ్గర, రాగి కలిస్తే అంతకన్నా ముందే మెత్తబడుతుంది. గాజు కరగాలి, కింద వెండి కరగకూడదు, తీగె అతుకు వీడకూడదు. ఆ ఇరుకులో పనిచేసిన చేతులవి. మన ఇళ్లలో పింగాణీ పళ్లెం అనేది కూడా ఈ కుటుంబమే, కాకపోతే ఇనుము మీద పోసిన గాజు. పెచ్చు ఊడితే నల్లగా కనిపించేది ఆ ఇనుమే.

ఈ పని మాస్కోలో 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో శిఖరానికి చేరింది. ఒవ్చిన్నికోవ్, ఖ్లెబ్నికోవ్ కార్ఖానాలు, మరియా సెమ్యోనోవా, ఫాబెర్జే సంస్థకు పనిచేసిన ఫ్యోదోర్ ర్యూకెర్ట్ పేర్లు వేలంపాటల్లో ఇప్పటికీ ధరను ఎగదోస్తాయి. ధర పలికే పేరు ఉన్నచోట దొంగముద్ర కూడా ఉంటుంది. ఫాబెర్జే పేరుతో పుట్టిన నకిలీలు ఎన్నంటే, వాటికి ‘ఫోబెర్జే’ అని వెక్కిరింత పేరే స్థిరపడింది. 2020-21లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియం పెట్టిన ఫాబెర్జే ప్రదర్శనలో కొన్ని వస్తువులు నకిలీవని ఒక వ్యాపారి బహిరంగంగా ఆరోపించాడు, మ్యూజియం తన మాటకు కట్టుబడింది. అంతటి చోటే తగాదా నడిస్తే మన సందుగల సంగతి చెప్పేదేముంది?

కాబట్టి ముద్రను చివర చూడాలి. ముద్ర కొట్టడానికి ఒక్క దెబ్బ చాలు. గజం తీగెకు పురి పెట్టి, గళ్లు కట్టి, ఐదారుసార్లు కాల్చడానికి రోజులు కావాలి. నకిలీ చేసేవాడు పొదుపు చేసేది అక్కడే. స్కాన్ మీనాలో తీగె గాజు కన్నా కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, గాజు దాని పక్కకు చేరి అంచున చెరువు నీళ్లలా పైకి పాకి ఉంటుంది. ఈ రోజుల్లో చల్లగా పోసే రెసిన్ రంగు అలా ఉండదు. ఉబ్బుగా, తీగె మీదికి కూడా పొర్లి, ప్లాస్టిక్ నున్నదనంతో మెరుస్తుంది. పోత పోసిన నకిలీలో పురి కూడా పోతలోనే వస్తుంది కాబట్టి రంపం పళ్లు మొద్దుబారి, చుట్టూ ఇసుక రేణువుల్లాంటి గరుకు మిగులుతుంది. సూదితో గుచ్చి చూడమనీ, వేడి సూది పెట్టమనీ సలహా చెప్పేవాళ్లుంటారు. వాళ్లకు మీ వస్తువు ఇవ్వకండి.

అరుగుదల కూడా సాక్ష్యమే. చెంచాకు బంగారు పూత ముందుగా పోయేది అడుగున, బల్లకు తగిలే చోట. కాడ వెనుక బొటనవేలు ఆనే చోట మెరుపు తగ్గుతుంది. వేలు చేరని మూల అరిగి, చేతిలో పట్టుకునే చోటు కొత్తగా ఉంటే ఎవరో కావాలని అరగదీశారన్నమాట.

ఇప్పుడు ముద్రలు. జార్ల కాలంలో వెండి పాళ్లను జొలొత్నిక్‌లలో లెక్కించేవారు. శుద్ధ వెండి 96. వస్తువుల మీద ఎక్కువగా కనిపించేది 84, అంటే వెయ్యికి 875 పాళ్లు. 88 అంటే 916. పాత మాస్కో ముద్రలో గుర్రం మీద ఘటసర్పాన్ని పొడుస్తున్న సెయింట్ జార్జి ఉంటాడు. పీటర్స్‌బర్గ్‌ది అడ్డంగా పెట్టిన లంగర్లూ రాజదండమూ. 1899 నుంచి నగరాలన్నిటికీ ఒకటే బొమ్మ వచ్చింది: కొకోష్నిక్ అనే కిరీటం లాంటి తలపాగా పెట్టుకున్న స్త్రీ ముఖం. 1908 దాకా ఆమె ఎడమవైపు చూస్తుంది, ఆ తర్వాత కుడివైపు తిరుగుతుంది. కుడివైపు తిరిగాక పక్కనే నగరాన్ని చెప్పే గ్రీకు అక్షరం చేరుతుంది. డెల్టా ఉంటే మాస్కో, ఆల్ఫా ఉంటే పీటర్స్‌బర్గ్. ఎడమవైపు చూసే ముఖం పక్కన ఆ అక్షరం కనబడితే రెండు కాలాలను ఒకే దెబ్బలో కొట్టినట్టే.

విప్లవం తర్వాత 1927లో స్త్రీ పోయి సుత్తి పట్టిన కార్మికుడి తల వచ్చింది, అంకె 875, 916గా మారింది. పాలు పాతవే, పేరే కొత్తది. 1958లో ఆ కార్మికుడూ దిగిపోయాడు, ఆయన స్థానంలో సుత్తీ కొడవలీ ఉన్న ఐదు మొనల చుక్క నిలబడింది. 1994లో కొకోష్నిక్ స్త్రీ మళ్లీ తిరిగొచ్చింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్త్రీ ముఖం కనిపించగానే జార్ కాలం అనుకుంటారు. పక్కన 84 కాకుండా 925 ఉంటే అది నిన్నమొన్నటి వస్తువు.

అవుసులాయన చెంచాను వెనక్కి తిప్పి భూతద్దం నాకిచ్చాడు. 916 పక్కన చిన్న చుక్క. చుక్కలో సుత్తీ కొడవలీ.

జార్ చక్రవర్తి పాయసం అక్కడితో ముగిసింది. చెంచా 1958కి ముందుది కాదు. మా బావ బంగారం కూడా ముగిసింది. మన దగ్గర 916 అంటే 22 క్యారెట్ల బంగారం, అందులో తప్పులేదు. కానీ సోవియెట్ నగల్లో మామూలుగా వాడే బంగారం ముద్ర 583. వెండి మీద 916 ఉంటే వెయ్యికి 916 పాళ్ల వెండి, పైన బంగారు పూత. చేత్తో పట్టుకున్నా తెలియాలి నిజానికి, అదే పరిమాణంలో 22 క్యారెట్ల బంగారం వెండి కన్నా ఒకటిన్నర రెట్లు పైనే బరువుంటుంది. హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌రే యంత్రం కింద పెట్టించినా పూత ఉన్న చోట కాకుండా పూత అరిగిన చోట చూడమని చెప్పాలి. ఆ యంత్రం పై పొరనే చదువుతుంది.

ఆలోచిస్తే మన ఇళ్లలోకి రష్యా వస్తువులు వచ్చిన దారులు ఏమంత రహస్యం కావు. సోవియెట్ సాయంతో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ వచ్చింది, 1979 ఒప్పందంతో విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చింది, ఇంజనీర్లు అటూ ఇటూ తిరిగారు. ఉప్పల లక్ష్మణరావు లాంటి అనువాదకులు మాస్కోలో కూర్చుని తెలుగు పుస్తకాలు చేశారు. యూనియన్ల వాళ్లు, రచయితలు, వైద్య విద్యార్థులు పోయొచ్చారు. వాళ్ల సూట్‌కేసుల్లో వచ్చినవి లెనిన్ బ్యాడ్జీలు, చెక్క బొమ్మలు, టీ గ్లాసు తొడుగులు, ఇదిగో ఇలాంటి చెంచాలు. జార్ కాలపు వస్తువును దేశం దాటించాలంటే అక్కడ ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది. తాతకు దొరికింది సోవియెట్ చెంచా అని ముద్ర చూడకముందే మేం ఊహించి ఉండాల్సింది. మన ఇంటి పెద్దల కథకు తేదీ వేసి చూసుకోవడం మనకు అలవాటు లేదు.

ఆ బ్యాడ్జీల్లోనూ పూసిన రంగుకూ కాల్చిన గాజుకూ మధ్య తేడా ఉంటుంది. అల్యూమినియం మీద రంగు పూసిన తేలికపాటివి కొన్నిటి వెనుక కోపెక్కుల్లో ధర కూడా అచ్చయి ఉంటుంది. ఇత్తడి మీద నిజంగా గాజు కాల్చినవి బరువుగా, చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతాయి.

నిజంగానే జార్ల నాటి వస్తువు ఎవరింట్లోనైనా బయటపడితే చట్టం సంగతి మరిచిపోకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువే. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు, అలాంటి వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న కొడుకు సూట్‌కేసులో పెట్టి పంపితే విమానాశ్రయంలో ఆగిపోతుంది. మీ నాయినమ్మ కరీంనగర్ అత్తరుదాను నూరేళ్లు దాటినా ఇదే చట్టం.

ఆ అత్తరుదాను గురించి ఒక మాట. రష్యా చెంచాకు ముద్రలున్నాయి, పట్టికలున్నాయి, పుస్తకాలున్నాయి. నేను చూసిన పాత కరీంనగర్ వస్తువుల మీద ఏ ముద్రా లేదు. చేసినవాడి పేరు చేసినవాడితోనే పోయింది. అవుసులాయన దుకాణంలో ఒక పాత పన్నీరు బుడ్డి ఉంది, మెడ దగ్గర తీగె చుట్ట తిరిగిన తీరు చూపించి ‘ఇది మా నాయిన చెయ్యి’ అన్నాడు. ఎట్లా తెలుసని అడిగితే నవ్వాడు. ఆ నవ్వును ఏ పట్టికలో ఎక్కిస్తాం?

ఒవ్చిన్నికోవ్ పేరు వినగానే లక్షలు లెక్కపెట్టే మనం, మన పక్క ఊరి తీగెను తూకానికి అమ్మి కరిగించేస్తున్నాం. నాకు చెంచా కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చి చెప్తే బావ నమ్మలేదు. అమ్మ మాత్రం తేలిక పడింది. అన్నదమ్ములకు మళ్లీ మాటలు కలిశాయి, ఎందుకంటే ఇప్పుడు అది ఎవరికీ అక్కర్లేదు. ఎర్ర గుడ్డలో చీటీ ఒకటి రాసి పెట్టాను: సోవియెట్ వెండి, 916, మీనా పని, 1958 తర్వాతది, తాతకు బహుమతి. ఇచ్చిన పెద్దాయన పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాను. ఆ పేరు తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

మీ బీరువాలో ఇలాంటిది ఉంటే ఈ ఆదివారం బూడిదా చింతపండూ పెట్టి తోమకండి. మెత్తటి గుడ్డతో తుడిచి, వెనక్కి తిప్పి, పగటి వెలుతురులో ముద్రకు దగ్గరగా ఫొటో తీయండి. తెచ్చినవాళ్లు ఇంకా బతికి ఉంటే ఫోన్ అక్కడే వాళ్ల ముందు పెట్టి, ఎవరిచ్చారో ఏ సంవత్సరమో వాళ్ల నోటనే చెప్పించి రికార్డు చేయండి.