టెంక దాకా మాగిందా?

ఈ దినము నవలల్లోని కథానాయకుల గురించి కొంచెం ధ్యానము చేద్దాము. "పాస్టరు గారికి నవలలతో పనేమిటి?" అని మీరనుకోవచ్చును. ఓపికతో చివరిదాకా చదవండి. ఇది మన ఇళ్ళలోని ఆడపిల్లల బ్రతుకులకు సంబంధించిన సంగతి.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, డిగ్రీ చదివే ఒక అమ్మాయి తల్లితో కూడ నా యొద్దకు వచ్చింది. వాళ్ళకొక సంబంధము వచ్చింది. అబ్బాయికి తాగుడు, క్రికెట్ పందేలు ఉన్నాయని ఊరంతటికీ తెలుసు. అయితే రెండు నెలల క్రితమే బాప్తిస్మము తీసుకున్నాడు. తల్లి, "ఇప్పుడు మారాడు కదండీ అయ్యగారూ" అన్నది. అమ్మాయి చేతిలో ఒక ఇంగ్లీషు క్రైస్తవ నవల ఉంది. "ఇందులో కూడ ఇంతేనండి. ఎంతో చెడ్డవాడు, ఆ అమ్మాయి ప్రార్థన వలన, ప్రేమ వలన మారిపోతాడు. నేను కూడ మార్చుకుంటానండి" అన్నది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ప్రియులారా, ఇది ఆ అమ్మాయి ఒక్కతే కన్న కల కాదు. 1740లో సామ్యూల్ రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల రచయిత 'పమేలా' అనే నవల వ్రాశాడు. పనిపిల్లను చెరపజూసిన యజమాని, ఆమె నీతిని చూచి మారి, చివరికి ఆమెనే వివాహము చేసుకుంటాడు. జనం ఎగబడి చదివారు. తరువాత అదే రచయిత 1747, 1748 సంవత్సరాలలో 'క్లారిస్సా' వెలువరించాడు. అందులో దుర్మార్గుని నమ్మి వెళ్ళిన అమ్మాయి సర్వము పోగొట్టుకొని మరణిస్తుంది. చెడు తిరుగుళ్ళు తిరిగి మారినవాడే మంచి భర్త అవుతాడనే తలంపు ఎంత ప్రమాదకరమో ఆడపిల్లలకు చెప్పాలన్నది తన ఉద్దేశమని ఆయనే వ్రాశాడు.

మన తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? కోడూరి కౌసల్యాదేవి గారి నవల 'ప్రేమనగర్' 1971లో సినిమాగా వచ్చింది. కృష్ణా జిల్లావాడైన అక్కినేని నాగేశ్వరరావు గారు అందులో తాగుబోతు జమీందారు బిడ్డ. ఆయన దగ్గర ఉద్యోగానికి వచ్చిన లత మాట మీద తాగుడు మానేస్తాడు. ఆ కథ తమిళంలోకి, హిందీలోకి కూడ వెళ్ళింది. మన అమ్మలు, అమ్మమ్మలు ఏడ్చి చూసిన సినిమా అది. కాని ఒక సంగతి గమనించండి. ఆమె దూరమయ్యేసరికి అతడు విషము తాగే స్థితికి వస్తాడు. మనిషి మీద కట్టుకున్న మార్పు, ఆ మనిషి తప్పుకుంటే ఏమవుతుందో ఆ కథే చెప్పింది.

ఇంతకీ ఆడపిల్లలకు ఇటువంటి కథానాయకుడు ఎందుకు నచ్చుతాడు? వారిని గద్దించక ముందు మనము అర్థము చేసుకోవాలి.

మొదటి కారణము, ఆ కథలో సువార్త ఛాయ ఉంది. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చాడు (లూకా 15). సంఘమును పాడుచేసిన సౌలు అపొస్తలుడయ్యాడు. "ఎవరూ పనికిరానివారు కారు" అనే మాట వినగానే మన హృదయము కదులుతుంది. అది మంచిదే.

రెండవ కారణము, మన ఇళ్ళలో ఆడపిల్ల మాటకు విలువ తక్కువ. చదువు, పెళ్ళి, కట్నము అన్నీ పెద్దవాళ్ళే మాట్లాడుకుంటారు. నవలలో మాత్రం ఊరంతా భయపడే మొనగాడు ఆమె ఒక్క మాటకు తల వంచుతాడు. ఇంట్లో దొరకని గౌరవము ఆమెకు పుస్తకములో దొరుకుతుంది. తప్పు ఆమెదా, మనదా?

మూడవ కారణము చెప్పుటకు నాకే సిగ్గుగా ఉంది. ఆ రుచి నేర్పింది మనమే. కూడికలలో ఎవరి సాక్ష్యము పెట్టిస్తున్నాము? రౌడీగా తిరిగినవాడు పాత జీవితమును అరగంట చెబుతాడు, ప్రభువును గూర్చి ఐదు నిమిషాలు చెబుతాడు. చిన్ననాటి నుండి సండే స్కూలుకు వచ్చి, తల్లిదండ్రులను చూసుకుంటూ, నమ్మకముగా పని చేసుకునే యువకుని మైకు దగ్గరకు పిలిచామా? అతనికి చెప్పుకోవడానికి కథ లేదని మనమే తేల్చేశాము. ఇక మన ఆడపిల్లకు అతడు చప్పగా కనబడితే ఆశ్చర్యమేమున్నది?

అయితే పొరపాటు ఎక్కడ ఉంది? ఆ కథ ఆడపిల్లను రక్షకుని స్థానములో నిలబెడుతుంది. పాపిని మార్చుట పరిశుద్ధాత్మ దేవుని పని. కొరింథీయులకు వ్రాస్తూ పౌలు, నీ భర్తను నీవు రక్షిస్తావని నీకేలాగు తెలుసునని స్త్రీని అడుగుతున్నాడు (1 కొరింథీ 7:16).

మంచి నవలలు కూడ ఈ సత్యమును ఒప్పుకుంటాయి. పాస్టరు కుమార్తె షార్లెట్ బ్రాంటీ 1847లో వ్రాసిన 'జేన్ ఐర్'లో, యజమానికి బ్రతికియున్న భార్య ఉందని తెలియగానే జేన్ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. అతడు దేవుని ఎదుట తగ్గించుకున్నది ఆమె లేనప్పుడే. ఫ్రాన్సిన్ రివర్స్ 1991లో హోషేయ గ్రంథము ఆధారముగా 'రిడీమింగ్ లవ్' వ్రాసింది. అక్కడ దారి తప్పినది స్త్రీ, ప్రేమించినవాడు భర్త. ఆమె కూడ ప్రభువును తెలుసుకున్నది భర్తకు దూరముగా ఉన్న కాలములోనే. హోషేయ వివాహము ఇశ్రాయేలుకు దేవుడిచ్చిన సూచన. మన బిడ్డల సంబంధములకు అది కొలబద్ద కాదు.

మనది నూజివీడు మామిడి సీమ. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, ఎటు వెళ్ళినా తోటలే. కాయను కార్బైడ్ పెట్టి మాగేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పైకి పచ్చగా నిగనిగలాడుతుంది. కోస్తే టెంక దగ్గర పులుపు. మన దేశములో దానిని చట్టము నిషేధించింది. గడ్డిలో మాగేసిన రసానికి రోజులు పడుతుంది, కాని టెంక దాకా తీపి ఉంటుంది. ప్రియులారా, ముహూర్తము కోసం తీసుకున్న బాప్తిస్మము కార్బైడ్ కాయ వంటిది. నీళ్ళలో తప్పు లేదు, తొందరలో ఉంది.

"పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు" అని మన పెద్దల సామెత. లోకము ఆ సామెతలో చిక్కుకుంది. వాక్యము మాత్రము మారుమనస్సుకు తగిన ఫలము చూపమంటుంది (మత్తయి 3:8). జక్కయ్య ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు (లూకా 19:8). సౌలు యెరూషలేము వచ్చినప్పుడు శిష్యులు భయపడి, నమ్మలేదు (అపొ. కార్య. 9:26). బర్నబా చేరదీసి సాక్ష్యమిచ్చిన తరువాతనే చేర్చుకున్నారు. కాబట్టి కొంతకాలము ఆగి చూచుట అవిశ్వాసము కాదు.

అమ్మా, నీవు ఈ నాలుగు ప్రశ్నలు అడుగు. అతడు బాకీలు తీరుస్తున్నాడా, బాధపెట్టిన తల్లిని, చెల్లిని క్షమాపణ అడిగాడా? కాపు డబ్బు చేతికొచ్చే మే నెలలో ఎలా ఉన్నాడు? నీవు "వద్దు" అంటే ఆ మాటను గౌరవిస్తాడా, కేకలు వేస్తాడా? ఈ సంబంధము తప్పిపోయినా మందిరానికి వస్తాడా? నాలుగవ ప్రశ్నకు జవాబు దొరికితే మిగిలినవి సులువు.

ఇప్పటికే అటువంటి ఇంట్లో ఉన్న సహోదరీ, నీకొక మాట. అతడు మారకపోవుట నీ ప్రార్థనలో లోపము కాదు. దెబ్బలు ఓర్చుకొనుట సిలువ మోయుట కాదు. గృహహింస నుండి మహిళలకు రక్షణ చట్టము 2005 నుండి ఉన్నది, 181 నంబరుకు ఫోను చేయవచ్చును. సంఘ పెద్దలారా, అటువంటి బిడ్డ వచ్చినప్పుడు "సర్దుకుపో" అని పంపివేయకండి.

నిజముగా మారిన తమ్ముడా, నిన్ను జీవితాంతము అనుమానించమని నేను చెప్పుట లేదు. ఆగమన్నప్పుడు నొచ్చుకోకు. ఆగగలుగుటయే నీ మొదటి ఫలము.

ఆ తల్లీకూతుళ్ళకు, "ఒక సంవత్సరము ఆగండి, ఒక కాపు దాటనివ్వండి" అని చెప్పాను. అబ్బాయి తరపువారికి కోపము వచ్చింది, రాకపోకలు ఆగాయి. కొన్ని వారాలు అతడూ కనబడలేదు. తరువాత ఒక ఆదివారము ఒంటరిగా వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. ఆ తరువాతి వారమూ వచ్చాడు. సంవత్సరము ఇంకా నిండలేదు. అమ్మాయి పరీక్షలకు చదువుకుంటున్నది. మేము ఇద్దరి కొరకు ప్రార్థిస్తున్నాము. మీరును ప్రార్థించండి.

పరలోకమందున్న మా తండ్రీ, మా కుమార్తెలకు వివేచనను, మా కుమారులకు నిజమైన మారుమనస్సును, మా సంఘములకు ఓపికను దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.